పాత కారు లోపలి హంగులు, రంగు బాగు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 1994 నాటి తెల్ల మారుతి 800 ఉంది. నాన్నగారు కొన్న కారు. రెండు చలికాలాలు ఆదివారాలన్నీ దానికే కేటాయించి లోపలి భాగాలు, రంగు నా చేతులతోనే బాగు చేసుకున్నాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా 800 నుంచే ఇస్తాను. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత జెన్ ఉన్నవాళ్లకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ఇంత పాత కారుకు ఇంత శ్రమ అవసరమా? కొత్త సామాను కొని బిగించుకుంటే పోదా?

దొరికితే కొనండి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలో ఆగిపోయాయి. ఇంజన్ సామాను, బ్రేకు సామాను నేటికీ సులువుగానే దొరుకుతున్నాయి. దొరకనివి డాష్‌బోర్డు మూతలు, తలుపు ప్యాడ్లు (తలుపు లోపలి వైపు రెగ్జిన్ అతికించి బిగించే అట్టలు), ఆ కాలపు రంగులో ఉన్న బటన్లు. బయట అమ్మే నకిలీ భాగాలకు ప్లాస్టిక్ పలుచన, రంగు తేడా, రంధ్రాలు సరిగ్గా కూర్చోవు. పాతది ముప్పై ఏళ్లు నిలిచిందంటే అది మంచి సరుకే. ఒకసారి పారేస్తే మళ్లీ రాదు. కాబట్టి నా మాట ఎప్పుడూ ఒక్కటే: ముందు బాగు చేయడానికి చూడండి, కుదరనప్పుడే మార్చండి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

నీటి దగ్గర. కారు లోపల ఏది పాడైనా దాని వెనక నీరో, ఎండో, చెమటో ఉంటుంది. ఆ దారి మూయకుండా పైన ఎంత అందంగా పూత పూసినా వచ్చే వానాకాలానికి మళ్లీ మొదటికొస్తుంది.

మ్యాట్లు, వాటి కింద ఉన్న ఫెల్టు తీసేసి నేలను పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒకరు లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట నుంచి పైపుతో నీళ్లు పోయాలి. ముందు అద్దం రబ్బరు, తలుపుల బీడింగ్, డిక్కీ రబ్బరు, ఇలా ఒక్కో చోట అయిదేసి నిమిషాలు. పైపు వేగంగా కొట్టవద్దు, వాన పడినట్టు పోయండి. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తే నీరు ఎక్కడ నుంచి దిగుతోందో కచ్చితంగా తెలుస్తుంది. పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ అర్థం కాదు.

ముందు రంగు వేయించాలా, ముందు లోపలి పని చేయించాలా?

లోపలివన్నీ విప్పాలి, తర్వాత టింకరింగ్ (రేకు పని), తర్వాత రంగు, చివరగా లోపలి బిగింపు. సీట్లు కొత్తగా కుట్టించి బిగించాక టింకరింగ్‌కు ఇచ్చినవాళ్లను చూశాను. వెల్డింగ్ నిప్పురవ్వలకు రెగ్జిన్ మీద చిల్లులు, లప్పం దుమ్ము కుట్లలోకి దూరి ఎంత దులిపినా రాదు.

విప్పిన ప్రతి స్క్రూను చిన్న కవర్లలో వేసి, ఎక్కడిదో తెలుగులోనే రాసి పెట్టుకోండి. విప్పే ముందు, విప్పిన తర్వాత ఫోనుతో ఫొటో తీయండి. మూడు నెలల తర్వాత ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తుండదు.

తలుపు ప్యాడ్ విరగకుండా ఎలా విప్పాలి?

అద్దం పూర్తిగా పైకి ఎక్కించండి. అద్దం తిప్పే హ్యాండిల్ ఏ దిక్కుకు నిలిచి ఉందో గుర్తు పెట్టుకోండి. మళ్లీ బిగించేటప్పుడు అది పనికొస్తుంది. ఆ హ్యాండిల్‌కు స్క్రూ కనిపించదు. వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక స్ప్రింగు తీగ పట్టుకుని ఉంటుంది. పాత నూలు గుడ్డ ఒకటి తీసుకుని హ్యాండిల్‌కూ దాని వెనక ఉన్న ప్లాస్టిక్ బిళ్లకూ మధ్య దూర్చి, కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగండి. గుడ్డ అంచు తీగను పట్టి బయటకు తోస్తుంది. అది ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి కింద ఒక దుప్పటి పరిచి ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్యాడ్ చిరగడం ఖాయం.

తర్వాత చేతిపిడి స్క్రూలు, గడియ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం తీయాలి. ఇక ప్యాడ్‌ను పట్టుకున్నవి అంచుల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులే. ప్యాడ్ అంచు పట్టుకుని లాగకండి. పాతబడిన అట్ట క్లిప్పు దగ్గరే చినుగుతుంది. వెడల్పాటి లప్పం బద్దకు గుడ్డ చుట్టి, సరిగ్గా క్లిప్పు పక్కకు పోనిచ్చి, ఒక్కొక్కటే పైకి లేపండి. క్లిప్పులు కొన్ని విరుగుతాయి, ఫర్వాలేదు. అవి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల గుప్పెడు లెక్కన దొరుకుతాయి.

ప్యాడ్ కింది భాగం ఉబ్బి, అట్ట పొరలుగా ఊడిపోతోంది. కారణం ఏమిటి?

చాలామంది ఇది వయసు వల్ల అనుకుంటారు. కాదు. అద్దం పక్క రబ్బరు దాటి వాన నీరు తలుపు లోపలికి దిగడం మామూలే, తలుపును అలాగే తయారు చేస్తారు. ఆ నీరు అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు పోవాలి. ప్యాడ్‌కూ రేకుకూ మధ్య ఒక పాలిథిన్ కవరు అతికించి ఉంటుంది. నీరు అట్టను తాకకుండా చూసేది అదే.

మా కారు ఎడమ తలుపు ప్యాడ్ విప్పినప్పుడు ఆ కవరు సగం లేదు. ఎప్పుడో స్పీకర్లు పెట్టినవాళ్లు అడ్డంగా ఉందని కోసి పారేశారు. నాలుగు వేళ్ల ఎత్తున అట్ట నల్లబడి, తడిసిన అటుకుల్లా చేతికి రాలింది. తలుపు అడుగు రంధ్రాలు మట్టితో బిగుసుకుపోయి ఉన్నాయి. అగ్గిపుల్లతో పొడిస్తే ఎర్రటి తుప్పు నీరు అరగ్లాసు దాకా కారింది. వాన పడి అప్పటికి పది రోజులైంది. పది రోజులు ఆ నీరు రేకును తింటూ కూర్చుంది. ఆ నీటిని చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. అయిదు నిమిషాల పని ఎవరూ చేయలేదు, అంతే.

బాగు చేసే పద్ధతి ఇది. పాత అట్టను అచ్చుగా పెట్టి అదే మందం హార్డ్‌బోర్డు మీద గీసి, రంధ్రాలతో సహా కోయించండి. ప్యాడ్ మందం పెరిగితే క్లిప్పులు కూర్చోవు, హ్యాండిల్ బిగుసుకుంటుంది. కొత్త అట్టకు రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, రెండు పూతలు వార్నిష్ వేసి ఆరనివ్వండి. నీరు అంచు నుంచే ఎక్కుతుంది. పాత రెగ్జిన్‌ను జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేస్తూ ఒలిస్తే చాలావరకు చిరగకుండా వస్తుంది. దాని మీద ఒత్తిన గీతలు, గళ్లు కొత్త రెగ్జిన్ మీద రావు కాబట్టి పాతదాన్నే మళ్లీ అతికించడం నాకు ఇష్టం. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురును రెండు ముఖాలకూ పలుచగా రాసి, వేలికి అంటుకోనంత ఆరాక, మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ పోవాలి. ఒకసారి తాకితే ఇక కదలదు, తొందరపడవద్దు. చివరగా కొత్త పాలిథిన్ కవరు అతికించండి. దాని కింది అంచు తలుపు రేకు లోపలికి వెళ్లాలి, అప్పుడే కవరు మీద జారిన నీరు తలుపు లోపలే పడుతుంది.

డాష్‌బోర్డుకు కొబ్బరి నూనె రాస్తే మెరుస్తుందంటారు. రాయవచ్చా?

రాయవద్దు. మెరుపు రెండు రోజులు ఉంటుంది, దుమ్ము రెండు నెలలు ఉంటుంది. నూనె పాతబడి జిగటగా మారి వాసన వేస్తుంది. ఎండలో ముందు అద్దం మీద ప్రతిబింబం పడి డ్రైవరుకు కళ్లు చెదురుతాయి. సిలికాన్ పాలిష్‌ల సంగతీ అంతే, వాటితో ఇంకో నష్టం ఉంది. అవి ఒకసారి ప్లాస్టిక్‌కు పట్టాక దాని మీద రంగు నిలవదు.

పెట్రోలు, కిరోసిన్, థిన్నర్‌తో తుడవడం ఇంకా చెడ్డది. కొన్ని ప్లాస్టిక్‌లను అవి కరిగించి మచ్చలు చేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో కొన్ని చుక్కల షాంపూ, మెత్తని పళ్ల బ్రష్, పిండిన గుడ్డ చాలు. గరుకు పైభాగంలో మట్టి గుంటల్లో దాగి ఉంటుంది. బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, నురుగు ఎండకముందే తుడవండి. నేను తుడిచిన మొదటి బకెట్ నీళ్లు టీ రంగుకు తిరిగాయి. బూడిద రంగు అనుకున్న డాష్‌బోర్డు అసలు రంగు ఏమిటో ఆ రోజే తెలిసింది.

డాష్‌బోర్డు పగిలింది. అతకవచ్చా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దాలు మూసిన కారులో డాష్‌బోర్డు చేయి పెట్టలేనంత కాలుతుంది. మెత్తని పీవీసీ పొరలో ఉన్న మెత్తదనాన్నిచ్చే పదార్థం ఏళ్ల తరబడి వేడికి బయటకు పోతుంది. ముందు అద్దం లోపలి వైపు అప్పుడప్పుడూ జిడ్డు పొర కనిపించేది కొంతవరకు అదే. అది పోయాక పొర గట్టిపడి పగులుతుంది.

గట్టి ప్లాస్టిక్ అయితే పగులు చివర సన్నని రంధ్రం వేయండి, పగులు అక్కడితో ఆగుతుంది. వెనక నుంచి అదే రకం ప్లాస్టిక్ ముక్కతో బలం ఇవ్వండి. ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్‌లో ఒక రకం) అయితే ఏబీఎస్ తురుమును అసిటోన్‌లో కరిగించి చేసిన ముద్ద బాగా పట్టుకుంటుంది. మెత్తని పొర పగిలితే పగులు అంచులను ఏటవాలుగా చెక్కి, ఎండాక కూడా వంగే వినైల్ ఫిల్లర్ నింపాలి. గోడ లప్పమో, బాడీ లప్పమో పెడితే అవి రాయిలా గట్టిపడతాయి, మొదటి ఎండకే పక్కన కొత్త గీత పడుతుంది. అతికిన చోట గరుకుదనం అచ్చంగా పాతదానిలా రాదు. దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది, దానికి సిద్ధపడండి. పగుళ్లు అరడజను దాటితే పైన గుడ్డ కుట్టించి తొడగడమే మేలు.

ప్లాస్టిక్ భాగాలకు స్ప్రే డబ్బాతో రంగు వేశాను. గోరు తగిలితే ఊడుతోంది. ఎందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కారణాలు రెండు: కింద మిగిలిన జిడ్డు, ప్లాస్టిక్ రకం తెలియకపోవడం.

భాగాన్ని తిప్పి వెనక చూడండి. పీపీ, ఏబీఎస్, పీవీసీ అని అచ్చు అక్షరాలు ఉండవచ్చు. పాత భాగాల మీద లేకపోతే వెనక వైపు నుంచి గోరంత తురుము తీసి నీళ్లలో వేయండి. మునిగితే ఏబీఎస్ కావచ్చు. తేలితే పీపీ, అంటే పాలిప్రొపిలిన్. టాల్క్ కలిపిన పీపీ మునగవచ్చు కాబట్టి ఇది పూర్తి పరీక్ష కాదు, అయినా సగం అనుమానం తీరుతుంది. పాలిప్రొపిలిన్‌కు మామూలు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) అంటదు. తామరాకు మీద నీటిబొట్టు ఎలాగో దాని మీద రంగు అలాగే. దానికోసం ప్లాస్టిక్ అధెషన్ ప్రొమోటర్ అని ప్రత్యేకమైన పూత ఉంటుంది. రంగుల దుకాణంలో ఆ పేరుతోనే అడగండి, ముందు అది వేశాకే మిగతావి.

జిడ్డు వదిలించడానికి ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, రెండుసార్లు. బాగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సగం నీళ్లతో కలిపి, ఎప్పటికప్పుడు గుడ్డ మార్చుకుంటూ తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును ఒకచోట నుంచి ఇంకోచోటికి పంచినట్టే. తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకండి. సిలికాన్ ఇంకా మిగిలి ఉంటే రంగు పడిన వెంటనే అక్కడక్కడా సూదిమొన గుంటలు తేలి, రంగు పక్కకు జరుగుతుంది. అలా కనిపిస్తే ఆపేయండి. ఇంకో పూత వేసి కప్పుదామని చూడకండి, తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

నున్నని భాగాన్ని 400 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి వాడే గరుకు కాగితం) తేలికగా రుద్దండి. గరుకు పైభాగం ఉన్నదాన్ని కాగితంతో రుద్దితే ఆ గరుకు పోతుంది. అక్కడ బూడిద రంగు నైలాన్ పీచు వాడండి. ఇక రంగు: జానెడు దూరం నుంచి, మంచు పడినట్టు, కింది రంగు ఇంకా కనిపించేంత పలుచగా మొదటి పూత. పదీ పదిహేను నిమిషాల తర్వాత రెండోది. మూడు నాలుగు పలుచని పూతలు ఒక మందపాటి పూత కంటే ఎంతో గట్టివి, పైగా గరుకు గుంటలు పూడిపోవు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కానీ వారం దాటే వరకు బిగించకండి.

తలుపు లోపలి పై అంచు రేకు రంగు పోయి ఎర్రగా కనిపిస్తోంది. ఇంట్లోనే వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. నేను ఈ పని మీదే ఎక్కువ రోజులు గడిపాను. 800లో ప్యాడ్ తలుపు సగం వరకే ఉంటుంది, పైన ఒట్టి రేకు, కారు రంగే. డ్రైవరు మోచేయి ఆనించే చోట ముప్పై ఏళ్ల చెమట ఉప్పు రంగును తినేస్తుంది. మా కారులో ఆ చోటు సరిగ్గా నాన్నగారి మోచేయి వెడల్పున అరిగి ఉంది. మధ్యలో ఉక్కు రేకు, దాని చుట్టూ సన్నని ప్రైమర్ వలయం, దాని చుట్టూ తెలుపు. చెరువు ఎండేటప్పుడు ఒడ్డు గీతలు పడినట్టు పొర మీద పొర కనిపించేది.

ముందు ఉప్పు పోయేలా సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి. ఉప్పు లోపల ఉంచి రంగు వేస్తే కింద నుంచి పొక్కులు లేస్తాయి. తుప్పును 180 నంబరు కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా తీయండి. చుట్టూ ఉన్న పాత రంగు అంచును 400, ఆపైన 600తో సాఫు చేయండి. కళ్లు మూసుకుని వేలితో తడిమితే మెట్టు తెలియకూడదు. కంటికి కనిపించని మెట్టు వేలికి తెలుస్తుంది, రంగు వేశాక అది కంటికీ తెలుస్తుంది. బయటపడిన రేకును రాత్రంతా వదిలేయకండి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయండి. రంగు మూడు పూతలు. రెండు రోజుల తర్వాత 1500, 2000 వాటర్ పేపర్‌తో సబ్బు నీళ్లు చల్లుతూ తేలికగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుపు తెచ్చుకోవాలి.

సీట్లు, డాష్‌బోర్డు, అద్దాలు కాగితాలతో కప్పి టేపు వేయండి. బ్యాటరీ తీగ తీసేయండి. తలుపులన్నీ బార్లా తెరిచి చేయండి, థిన్నర్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

అదే రంగు ఎలా కుదురుతుంది? తెలుపులోనూ తేడా వస్తోంది.

బానెట్ కింద ఉండే పలక మీద రంగు కోడ్ ఉందేమో చూడండి. సుజుకీ సుపీరియర్ వైట్‌కు 26యూ, ఇలా ఒక్కోదానికి ఒక్కో కోడ్. అయితే కోడ్ ప్రకారం కలిపిన రంగు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు రంగు. మీ కారు ఇప్పుడు ఆ రంగులో లేదు.

లోపలి రేకుకు రంగు కలిపించాలంటే ప్యాడ్ విప్పాక దాని వెనక దాగి ఉన్న రేకును చూపించండి, ఎండ తగలని అసలు రంగు అక్కడే ఉంటుంది. బయట ఒక్క మడ్‌గార్డుకు వేయించాలంటే పెట్రోలు ట్యాంకు మూత విప్పి, కాంపౌండ్‌తో రుద్ది మెరిపించి, అప్పుడు రంగుల దుకాణానికి తీసుకెళ్లండి. మురికి పట్టిన మూతకు సరిపోయేలా కలిపిస్తే కారు కడిగిన రోజు తేడా బయటపడుతుంది. కలిపిన రంగును ముందు ఒక రేకు ముక్క మీద వేసి, ఆరాక, ఎండలోనూ నీడలోనూ కారు పక్కన పెట్టి చూడండి. తడి రంగును చూసి సరే అనవద్దు.

ఏ కాలంలో చేయాలి?

మాఘ, ఫాల్గుణాలు. గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి లాకర్ రకం రంగు (థిన్నర్ ఎగిరిపోతూ ఆరేది) ఆరేటప్పుడు పైన పాలపొరలా తెల్లబారుతుంది. నడి వేసవిలో రంగు రేకును చేరకముందే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు సముద్రగాలి తగిలే ఊళ్లలో పని మొదలుపెట్టే రోజు ఉదయం మంచినీళ్లతో ఉప్పు కడిగి ఆరబెట్టడం మరవకండి.

బయటి రంగు పాలిపోయింది. మొత్తం వేయించాలా, పాలిష్‌తో సరిపోతుందా?

తెల్లగుడ్డకు కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ రాసి ఒక మూల రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేని ఒకే పొర రంగు. పైన చచ్చిన పొరను తీసేస్తే కింద బతికిన రంగు ఉంటుంది, పాలిష్, ఆపైన మైనం చాలు. తెల్ల కారుకు తెల్లగుడ్డ మీద ఏమీ కనిపించదు, నల్లగుడ్డ వాడండి. రంగు అంటకపోతే క్లియర్ కోట్ ఉన్నట్టు. అది మొద్దుబారితే పాలిష్ పనిచేస్తుంది. పొరలుగా లేచిపోతుంటే మాత్రం ఏ పాలిష్ కూడా దాన్ని తిరిగి అంటించదు, ఆ భాగానికి రంగు వేయించాల్సిందే.

కంపెనీ పెయింటు ఎంత మిగిలి ఉంటే అంత ఉంచుకోండి. ఫ్యాక్టరీలో రేకును రసాయనాల్లో ముంచి, మూలమూలకూ ప్రైమర్ పట్టించి, పొయ్యిలో కాల్చిన రంగు అది. బయట షెడ్డులో ఎంత మంచి పనివాడైనా ఆ అడుగు పొరను మళ్లీ తేలేడు. ఒక తలుపు గీత పడిందని మొత్తం కారును గీకించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

టింకరింగ్‌కు ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

రన్నింగ్ బోర్డు (తలుపుల కింద పొడవునా ఉండే రేకు), మడ్‌గార్డుల కింది అంచు, బ్యాటరీ కింద, స్టెప్నీ గుంట, తలుపుల అడుగు. 800లో తుప్పు ముందు ఇక్కడే పడుతుంది. అయస్కాంతం గుడ్డలో చుట్టి నెమ్మదిగా జరపండి. అది పట్టని చోట లప్పం మందంగా ఉన్నట్టు, కింద రేకు లేకపోవచ్చు కూడా.

మా కారు రన్నింగ్ బోర్డు మొదటిసారి చేసిన షెడ్డులో తుప్పు తీయకుండా పైన లప్పం పెట్టి రంగు కొట్టి ఇచ్చారు. ఎనిమిది నెలల్లో కొబ్బరి చిప్పంత పెచ్చు ఊడింది. లప్పం నీటిని పీల్చుకుంటుంది, కింద తుప్పు ఉంటే అది ఆగదు. చిల్లు పడిన రేకును కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ వేశాక, సన్నని గుంటలకు మాత్రమే లప్పం. పని మధ్యలో రెండుసార్లు వెళ్లి రేకు దశలోనూ, ప్రైమర్ దశలోనూ చూస్తానని ముందే చెప్పండి. ఇష్టపడని షెడ్డుకు ఇవ్వవద్దు.

సీట్లకు ఏది మంచిది, రెగ్జినా, గుడ్డా?

రోజూ నడిపే కారుకు నా ఓటు గుడ్డకే. మన ఎండల్లో రెగ్జిన్ వీపుకు అంటుకుంటుంది. అసలు కారులో రెగ్జిన్ ఉండి, అచ్చంగా అలాగే కావాలంటే రెగ్జినే వేయించండి. లారీల, బస్సుల సీట్లు కుట్టే ఆటోనగర్ పనివాళ్ల చేయి రెగ్జిన్ మీద బాగా తిరిగి ఉంటుంది. పాత కవరును కోయకుండా కుట్లు విప్పి, దాన్నే అచ్చుగా వాడమని అడగండి. దారం నూలుది కాకుండా నైలాన్‌ది ఉండాలి. ఫోమ్ అరిగిన చోట మాత్రమే ముక్క వేయిస్తే కూర్చునే ఎత్తు మారదు. పాత అంబాసిడర్ సీట్లలో స్ప్రింగుల మీద కొబ్బరి పీచు పొర ఉంటుంది. స్ప్రింగులు బాగుంటే వాటిని పారేసి మొత్తం ఫోమ్ పెట్టించకండి, ఆ సోఫాలాంటి ఊపు పోతుంది.

పైకప్పు గుడ్డ జారి తలకు తగులుతోంది. గుండుసూదులు గుచ్చాను.

గుడ్డకు వెనక ఉన్న పలుచని ఫోమ్ పొడైపోయింది, అందుకే జారింది. సూదులు గుచ్చినా, పైనుంచి జిగురు ఎక్కించినా ఆ పొడి మీద ఏదీ నిలవదు. అట్టను దించి, పాత ఫోమ్‌ను మెత్తని బ్రష్‌తో పూర్తిగా దులిపి, వేడిని తట్టుకునే స్ప్రే జిగురుతో కొత్త గుడ్డ వేయాలి. మామూలు జిగురు మే నెలలో వదిలేస్తుంది. కొన్ని పాత కార్లలో అట్ట ఉండదు, ఇనుప కడ్డీల మీద కుట్టిన గుడ్డ వేలాడుతుంది. అది సొంతంగా చేసే పని కాదు, కుట్టేవాళ్లకు ఇవ్వండి. కడ్డీలు తీసేటప్పుడు వరుస తప్పకుండా నంబర్లు వేయమనండి.

స్టీరింగ్ చక్రం, బటన్లు జిగటగా ఉన్నాయి. ఎంత తుడిచినా పోవట్లేదు.

అది మురికి కాదు. మెత్తని స్పర్శ కోసం వేసిన పూత తేమకు కరుగుతోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ పూతను పూర్తిగా తీసేయండి, కింద గట్టి ప్లాస్టిక్ వస్తుంది. బటన్ల మీద బొమ్మలు కూడా చెరిగిపోవచ్చు, వాటి చుట్టూ దూదిపుల్లతో చేయండి. స్టీరింగ్‌కు ఏ పాలిష్ కూడా రాయవద్దు, చేయి జారుతుంది.

సీటు బెల్టుకు రంగు వేయవచ్చా?

వద్దు. రంగు, బ్లీచింగ్, థిన్నర్ ఏదీ తగలనివ్వకండి, నేత బలహీనపడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. అంచు పీచులు లేచి ఉంటే బెల్టు మార్చేయండి. మొత్తం పనిలో పాతది ఉంచుకోవద్దని నేను చెప్పేది ఈ ఒక్కదానికే.

ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదా?

చాలదు. రుమాలు దుమ్మునైనా సగమే ఆపుతుంది, ఆవిరిని అసలు ఆపదు. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పీయూ, అంటే పాలియురేథేన్ రంగుల్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెడతాయి, ఒకసారి వచ్చాక పోవడం కష్టం. అలాంటి రంగులు ఇంటి దగ్గర కొట్టకండి, సరైన ఏర్పాట్లున్న రంగు బూత్‌కు వదిలేయండి. ఇంట్లో చిన్న స్ప్రే డబ్బాలకైనా బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకోండి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, పిల్లలను దూరంగా ఉంచండి.

రంగు మారిస్తే రవాణా శాఖకు చెప్పాలా?

చెప్పాలి. ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుంది, వేరే రంగు వేస్తే అందులో మార్పించుకోవాలి. సొంత కార్లకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అప్పుడు కారును తనిఖీకి తీసుకెళ్తారు కాబట్టి తేడా ఉంటే అక్కడ పని ఆగుతుంది. అదే రంగు మళ్లీ వేయించుకుంటే ఈ సమస్య రాదు.

తీసేసిన పాత భాగాలను ఏం చేయాలి?

ఉంచండి. విరిగిన బటన్ ఇంకో విరిగిన బటన్‌కు ముక్క ఇస్తుంది, పగిలిన మూత రంగు పరీక్షకు పనికొస్తుంది. నేను పాత ప్యాడ్ అట్టలను కూడా పాలిథిన్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాను. కిందటి నెల రాజమండ్రి నుంచి ఒకాయన ఫోను చేసి తన 800కు వెనక తలుపు అట్ట అచ్చు కావాలన్నారు. నా దగ్గరున్నదాన్ని పేపరు మీద పెట్టి, ప్రతి రంధ్రం చుట్టూ పెన్సిల్‌తో గీసి, చుట్ట చుట్టి బస్సులో పంపాను.